ఎడమ పెడల్ అరగలేదు

హుజూరాబాద్
27 జనవరి 1958

తమ్ముడు సమ్మయ్యకు, అక్క ప్రేమమ్మ దీవెనలు.

నేను క్షేమంగానే ఉన్నాను, సైకిలే క్షేమంగా లేదు. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

మొన్న బుధవారం ఒక పల్లెలో కాన్పు చూసుకుని తిరిగి వస్తుంటే బండ్ల బాట మీద సీటు కింద టప్పుమని చప్పుడైంది. దిగి చూస్తే సీటు కడ్డీ దిగే గొట్టం మూతి దగ్గర ఫ్రేము పగిలి ఉంది. మందుల సంచి భుజానికి తగిలించుకుని, సైకిల్‌ను చేత్తో నడిపించుకుంటూ పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాను. ఇక్కడి సైకిల్ షాపు సాంబయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తల ఊపాడు. "అమ్మా, గిది మీ బాపు కాలం నాటి సీమ సైకిల్. అరగని జాగ లేదు. నేను చెయ్యి వెడితే ఉన్నది సుత ఇరుగుతది" అన్నాడు.

అందుకని చక్రాలు విప్పించి ఇంట్లో పెట్టుకుని, ఫ్రేము, సీటు, పెడళ్ళు గోనెసంచిలో వేసి కుట్టించి, జమ్మికుంట స్టేషనులో పార్సిలు చేయించాను. బెల్లంపల్లిలో విడిపించుకో. బొగ్గు గనుల వర్కుషాపులో ఫిట్టరువి, నీకు ఇదేమంత పెద్ద పని కాదు.

కొత్తది కొనుక్కోమని మాత్రం చెప్పకు. బాపు ఈ సైకిల్ మీదే ఊరూరా తిరిగి వాక్యం చెప్పాడు. బాపు పోయాక నేను దాని మీదే ఊరూరా తిరిగి పురుళ్ళు పోస్తున్నాను. ఇదే సందని మా మిషను పెద్ద మిస్సమ్మ "ప్రేమమ్మా, పల్లెలు తిరిగింది చాలు, ఇకమీదట దవాఖానాలో కూర్చుని మందులు ఇయ్యి" అంటున్నది. నేను కూర్చోలేను. నేను పోకపోతే ఆ తల్లులకు కొడవలితో బొడ్డు కోసే వాళ్ళే దిక్కు.

క్రిస్మసుకు మీ ఇంటికి వచ్చి తొందరగా బయలుదేరానని కోపం పెట్టుకోకండి. మేనకోడలు మార్తకు కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోయమని మరదలు రిబ్కమ్మ అడిగితే పోయలేకపోయాను. జలుబు చేసి ఉండింది. పసిపిల్లకు అంటుకుంటుందని దూరంగా ఉన్నాను. అంతకన్న ఏమీ లేదు.

సైకిల్ తొందరగా పంపు.

అక్క
ప్రేమమ్మ


బెల్లంపల్లి
9 ఫిబ్రవరి 1958

అక్కకు సమ్మయ్య వందనాలు.

నీ లెక్క నాకు పుస్తకం తెలుగు రాయరాదు. నోటితోని ఎట్ల మాట్లాడుతనో గట్లనే రాస్తున్న, తిట్టకు.

గోనెసంచి వచ్చింది. ఇప్పి చూసి ఇంటి ముంగట అరుగు మీద కూలవడ్డ. అక్కా, నువ్వు పంపింది సైకిలా, పాతినుప సామానా? స్టేషన్ల పార్సిల్ బాబు "గిది ఎవలన్న పారేసిందా అన్నా?" అని అడిగిండు. "మా అక్కది" అన్న. పాపం, జల్ది జల్ది రసీదు చేతుల వెట్టిండు.

ఏమేం అరిగిందో చెప్త ఇను. సీటు గొట్టం మూతి గుండ్రంగ ఉండాలె గదా, కోడిగుడ్డు లెక్క అయింది, ఎడమదిక్కు పగిలింది. పెడల్ల ఇరుసు తిరిగే డబ్బల మరలన్ని అరిగి నున్నగైనయి. వెనక చక్రం కూసుండే గాడి, నట్టు బిగిచ్చి బిగిచ్చి రేకంత పల్సగైంది. ముందటి ఫోర్కు ఒక్కటే జర మంచిగున్నది, అది సైకిల్ ఇచ్చిన మిషను దొరసాని పుణ్యం.

దాన్ని జూస్తుంటే బాపు యాదికొచ్చిండు. దొరసాని సీమకు వొయ్యేటప్పుడు గీ ఆడోళ్ళ సైకిల్ బాపు చేతుల వెట్టి పోయింది. బాపు పంచె ఎగ్గట్టి దాని మీద తిరుగుతుంటే కల్లు మండువ కాడోళ్ళు "పౌలు పంతులూ, చీర సుత కట్టుకో" అని నవ్వుతుండె. బాపు దిగి, వాళ్ళకు దండం వెట్టి, "కట్టుకుంటనయ్యా, మీరు ఆదివారం గుడికి వస్తనంటె రేపే కట్టుకుంట" అంటుండె. ఒక్కడు రాలే, బాపు చీర కట్టలే. మనిద్దరం ఎనుక ఉరుకుతుంటిమి, యాదికున్నదా?

ఇంకో తమాష. నిరుడు నువ్వు రెండు పెడల్లకు ఒక్కసారే కొత్త రబ్బర్లు ఏయించుకున్నవు గదా, కుడి పెడల్ రబ్బరు అరిగి అరిగి లోపటి ఇనుము బయటవడ్డది. ఎడమ పెడల్ అరగనే లేదు. రబ్బరు మీది గీతలు సుత పోలే. ఏందే అక్కా, ఒంటికాలుతోని తొక్కుతున్నవా? సర్కస్ల చేరినవా ఏంది? మా వర్కుషాపుల కైలాసం అని ఒకాయన ఉన్నడు, కంచరాయన, ఇత్తడి అతుకు వెయ్యాల్నంటె ఆయన తరువాతనే ఎవలైనా. ఆయనకు చూపిస్తె "మీ అక్క ఎడమ కాలును పండుగలకు దాచిపెట్టుకున్నదిరా" అన్నడు. ఇద్దరం కడుపులు వట్టుకొని నవ్వినం.

నా మాటిని దీన్ని ఇడిసిపెట్టు. కొత్తది నేను జూస్త. బాపు సైకిల్ అని ముద్దుంటె గోడకు తగిలేసుకుందాం.

జలుబన్నవు. నాకైతె ఒక్క తుమ్ము సుత ఇనవడలే. మార్త ఇప్పుడు బోర్లవడుతున్నది. ఈస్టరుకు దాన్ని తీసుకొని మీ దిక్కు వద్దామని రిబ్కమ్మ ఆశ.

నీ తమ్ముడు
సమ్మయ్య


హుజూరాబాద్
17 ఫిబ్రవరి 1958

సమ్మయ్యకు,

నేను సైకిల్ పంపింది బాగుచేయడానికి, నా పెడళ్ళను ఊరందరికీ చూపించి పరిహాసమాడడానికి కాదు. ఎవరి కాలు ఎక్కడ పెట్టుకోవాలో వాళ్ళకు తెలుసు. నీకు చేతనైతే అతికించి పంపు. చేతకాకపోతే అదే గోనెసంచిలో వెనక్కి పంపు, ఇంకెవరి చేతనైనా చేయించుకుంటాను.

ఈస్టరుకు మీరు ఇటు రావద్దు. ఇక్కడ పిల్లలకు తట్టు పోస్తున్నది.

ప్రేమమ్మ


బెల్లంపల్లి
2 మార్చి 1958

అక్కా,

నీ కార్డు వచ్చింది. గంత కోపాన్ని కార్డు మీద రాస్తరా? కనీసం కవర్ల పెట్టి పంపకపోతివి. పోస్టుమాను చదువుకుంటనే వచ్చిండు, నా చేతికిచ్చి "ఊకో సమ్మన్నా, అక్కలంటె గంతే" అని వీపు నిమిరి పోయిండు.

నీ ఫ్రేమును మా ఇంట్ల గోడకు తగిలేసిన. అసలు సంగతేందో నువ్వు చెప్పేదాక దాని మీద చెయ్యి వెట్ట. వెనక్కి సుత పంప. ఏం జేసుకుంటవో చేసుకో.

తట్టు పోస్తున్నదని రాసినవు గదా. మీ ఊరి కొమురెల్లి గిప్పుడు మా దగ్గర బొగ్గుబాయిల పనికి కుదిరిండు. మొన్ననే ఇంటికి వోయి వచ్చిండు. అడిగిన. "తట్టు లేదు, గిట్టు లేదు. నర్సమ్మ మంచిగనే ఉన్నది. కాకపోతె సైకిల్ లేక నడిసి తిరుగుతున్నది, జర కుంటుతది" అన్నడు. ఎందుకు కుంటుతున్నవు? నాకు అబద్ధం ఎందుకు రాసినవు? నా బుద్ధి తెలిసినకాన్నుంచి నువ్వు నాకు అబద్ధం చెప్పలే. అవ్వ సచ్చిపోయిందన్న సంగతి సుత నువ్వే నాకు సక్కగ చెప్పినవు.

నేనైతె ఓర్సుకుంట. రిబ్కమ్మతోని అయితలేదు. మా కంపెనీ లైన్లల్ల ఇండ్లు ఒకదానికొకటి ఆనుకొని ఉంటయి, గోడ అవతల ఏమన్నా ఇవతల ఇనవడుతది. "మేనత్త కాళ్ళ మీద నీళ్ళు పోసుకోని పిల్ల" అని ఆడోళ్ళు అనుకుంటున్నరు. రిబ్కమ్మ ఇని లోపటికి వచ్చి ఏడ్సుడు. "వదినెకు నా బిడ్డ పడలే. ఆడపిల్లని పడలేదో, నల్లగున్నదని పడలేదో. ఊరందరి పిల్లలకు నీళ్ళు పోస్తది, సొంత తమ్ముని బిడ్డకు పొయ్యదు" అన్నది.

జవాబు నీ దగ్గరున్నది. కవర్ల పెట్టి పంపు.

సమ్మయ్య


హుజూరాబాద్
9 మార్చి 1958

తమ్మీ,

ఇది నువ్వొక్కడివే చదువు. రిబ్కమ్మకు చెప్పాలో వద్దో చదివాక నువ్వే ఆలోచించు.

నాకు ఎడమ కాలు తెలియడం లేదు.

కాలు ఉంది, నడుస్తుంది, ముట్టుకుంటే మాత్రం తెలియదు. నిరుడు వానకాలంలో మొదలైంది. మొదట తిమ్మిరి అనుకున్నాను. తర్వాత నడుస్తుండగానే చెప్పు జారిపోయేది, నాకు తెలిసేది కాదు. ఎవరో వెనక నుంచి "నర్సమ్మా, నీ చెప్పు గాడ వడ్డది" అని కేకేసేవారు. సైకిల్ ఎక్కితే ఎడమ పాదం పెడల్ మీద నిలిచేది కాదు. కుడికాలుతోనే తొక్కడం అలవాటు చేసుకున్నాను. మీరిద్దరూ నవ్వుకున్న ఎడమ పెడల్ కథ అదీ.

క్రిస్మసుకు ముందు ఒక బాలింత మంచం కింద కుంపటి సర్దుతుంటే కమురు వాసన వచ్చింది. చీర అంటుకుందేమోనని గాభరాగా చూసుకున్నాను. చీర కాదు. నా ఎడమ కాలి చిటికెన వేలి మీద నిప్పు పడి ఉంది. వేలు కాలుతున్నది, నొప్పి లేదు. అసలేమీ లేదు, తమ్మీ.

ఇది ఏ రోగపు గుర్తో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పెద్దరోగం, అదే కుష్ఠు, వచ్చిన వాళ్ళకు శుక్రవారం శుక్రవారం మాత్రలు పంచేది నేనే. స్పర్శ లేని కాళ్ళు ఎన్నో కడిగాను. "భయపడకు, ముందే వస్తే నయమవుతుంది, దవాఖానాకు పో" అని అందరికీ చెప్పాను. నాకు మాత్రం చెప్పుకోలేకపోతున్నాను. డాక్టరమ్మ ముందు కూర్చుంటే తేలిపోతుంది. తేలితే ఆ తర్వాత నన్ను పురిటి ఇంట్లోకి ఎవరు రానిస్తారు? నా చేతులకు వచ్చిన పని అదొక్కటే.

ఇక మార్త సంగతి. ఆ రోజు రిబ్కమ్మ పీట వేసి, పిల్లకు నూనె రాసి, వేన్నీళ్ళలో చన్నీళ్ళు తొలిపి "కాళ్ళు చాపు వదినె" అన్నది. చాపబోయాను కూడా. పసిపిల్లకు పోసేముందు మొదటి చెంబు మన కాళ్ళ మీదే పోసుకుంటాం. వేడి ఎక్కువైతే కాలే చెప్తుంది. నా కాలు చెప్పదు. పిల్లను కాల్చేస్తానేమో! పైగా నా ఒంట్లో ఆ రోగమే ఉంటే దాని ఒంటిని నా ఒంటికి ఎట్లా తాకనిస్తాను? అందుకే జలుబు అన్నాను, అందుకే తట్టు అన్నాను. నల్లగా ఉందని పడలేదట! ఆ బుగ్గ ఒక్కసారి ముట్టుకోవాలని నా చేతులు ఎంత గుంజాయో దేవునికే తెలుసు. రైలు ఎక్కాక జమ్మికుంట దాకా ఏడుస్తూనే ఉన్నాను.

పెద్దదాన్ని, నర్సును, ఇట్లా రాయకూడదు. కాని నీకు గాక ఎవరికి చెప్పుకోను? భయమైతున్నదిరా తమ్మీ. మస్తు భయమైతున్నది.

ఫ్రేము బాగుచేసి పంపు. తొక్కగలిగినన్నాళ్ళు తొక్కుతాను.

అక్క


బెల్లంపల్లి
13 మార్చి 1958

అక్కా,

ఉత్తరం క్యాంటీను కాడ నిలవడి చదివిన. చదివినంక గాడనే కింద కూసున్న. కైలాసం వచ్చి "ఏమైందిరా?" అంటె బొగ్గు కంట్ల వడ్డదని చెప్పిన. రెండు కండ్లల్ల వడ్డదా అని అడిగిండు.

రిబ్కమ్మకు చెప్పిన, దాయలే. అది మస్తు ఏడ్సింది. తరువాత లేసి మొఖం కడుక్కొని ఏమన్నదో ఇను. "ఏ రోగమున్నా వదినె మన మనిషి. రమ్మను, మన ఇంట్లనే ఉంటది. పిల్లను దూరం ఉంచుమని నాకు సక్కగ చెప్తె నేను ఉంచకపోదునా? జలుబంట, జలుబు! కలిసినప్పుడు చెప్త ఆమె పని." నీ మరదలు నీ మీద కోపంగనే ఉన్నది, కాని ఇప్పుడు కోపం వేరే. నువ్వు ఫికర్ చెయ్యకు.

ఇగ నా మాట ఇను. డాక్టరమ్మ కాడికి పో. వచ్చే శనివారం లోపట పోవాలె. పోకుంటె ఆదివారం నేనే బండెక్కి వచ్చి, గుడిల ఆరాధన నడుస్తుంటె అందరి ముంగట నిన్ను భుజాన ఏసుకొని తీసుకపోత. చేస్తనో చెయ్యనో నీకు ఎరికే.

చేతులు ఊకుండక సైకిల్ పని మొదలువెట్టిన. సీటు కడ్డీ గుంజితె ఎంతకూ రాదు. నూనె వోసి, కొట్టి, తిప్పి గుంజితె వచ్చింది. దాని ఎనుక గొట్టంలకెళ్ళి రేకు ముక్కలు రాలినయి, ఒకదాని మీద ఒకటి, అన్ని కుడిదిక్కు కూరినయే. పాలపొడి డబ్బా రేకులు, డబ్బా మీది ఆవు బొమ్మ సుత కనవడుతున్నది. నీ పనే గదా? సీటు వదులైతె బాపు సుత రేకు వెడుతుండె. కాని బాపు ఒక్క రేకును కడ్డీ చుట్టూత తిప్పి దిగగొడుతుండె. నువ్వు సందు కనవడ్డ కాడ కూరుకుంట పోయినవు. నువ్వు కూరినకొద్ది కడ్డీ ఎడమకు ఒరిగింది, ఒరిగినకొద్ది అటుదిక్కు గొట్టం పగులుకుంట వచ్చింది.

సీటు జూస్తె ఇంక పరేషాన్ అయిన. ఎడమదిక్కు తోలు చినిగి లోపటి ఇనుప అంచు బయటికొచ్చింది. నువ్వు కూసుని కూసుని అది తళతళ మెరుస్తున్నది. కైలాసం "గీ ఇనుము మీద పొద్దంత ఎట్ల కూసున్నదిరా మీ అక్క? మనమైతె గేటు దాక సుత పోము" అన్నడు. ఈసారి ఇద్దరం నవ్వలే.

శనివారం. యాదికుంచుకో.

సమ్మయ్య


హుజూరాబాద్
24 మార్చి 1958

తమ్మీ, సమ్మయ్యా,

నాకు పల్లేరుకాయ గుచ్చుకుంది! నొప్పి పెట్టింది!

ఆగు, మొదటి నుంచి చెప్తాను. నీ ఉత్తరం అందిన మర్నాడు ఒక పల్లె నుంచి నడిచి వస్తున్నాను. ఎప్పటిలాగే ఎడమ చెప్పు ఎక్కడో జారిపోయింది. నాలుగడుగులు వేశానో లేదో మడమలో చురుక్కుమంది. "అబ్బా!" అని ఎగిరాను. ఎగిరాక గానీ నేను ఏమన్నానో నాకు తెలియలేదు. ఏ కాలది? ఎడమ కాలు! బాట మధ్యలో కూర్చుని ఆ కాయ తీసి, నమ్మకం కలగక అరికాలిలో మళ్ళీ గుచ్చుకుని చూశాను. మళ్ళీ నొప్పి! మేకలు కాస్తున్న బాలవ్వ పరుగెత్తుకొచ్చి "నర్సమ్మా, ముల్లు గుచ్చితె ఏడ్వాలె గాని నవ్వుతవేందే? గాలి గిట్ల సోకిందా?" అన్నది. ఆమెను కావలించుకున్నాను. మేకలు బెదిరి చేలో పడ్డాయి, ఇద్దరం కలిసి తోలుకొచ్చాం.

అప్పుడు ధైర్యం వచ్చి డాక్టరమ్మ దగ్గరికి పోయాను. నీ బెదిరింపుకు భయపడి కాదు, అది గుర్తుంచుకో.

ఆమె నా కళ్ళు మూయించి దూదితో కాలంతా తాకి, తెలిసిన చోటల్లా చెప్పమన్నది. మోకాలి పక్కన, మోచేతి దగ్గర నరాలు తడిమింది. ఒళ్ళంతా మచ్చ కోసం వెదికింది. చెవి తమ్మె గీరి పరీక్షకు పంపింది. ఆ ఫలితం వచ్చేదాకా నాకు అన్నం దిగలేదు. నిన్న పిలిచి చెప్పింది. ఏమీ లేదు. పెద్దరోగం లేదు తమ్మీ, లేదు!

మరి ఇదంతా ఏమిటని అడిగితే "నువ్వే చెప్పు, ఎప్పటి నుంచి తగ్గుతున్నది?" అన్నది. ఆలోచిస్తే సైకిల్ విరిగినప్పటి నుంచి. అప్పుడు నువ్వు రాసిన సీటు సంగతి గుర్తుకొచ్చి ఆమెకు చెప్పాను. వెంటనే నన్ను ఒక బల్ల అంచు మీద, ఎడమ పిర్ర మీదే బరువు పడేట్టు కూర్చోబెట్టి తన పని తాను చూసుకున్నది. కాసేపటికి పాదం తిమ్మిరెక్కి మొద్దుబారింది. "ఇదీ నీ రోగం. కాలికి దిగే నరం పిర్ర కింద నుంచే పోతుంది. ఆ ఇనుప అంచు దాన్ని పొద్దంతా నొక్కింది. సైకిల్ విరగబట్టి బతికిపోయావు" అన్నది. విని నేను నవ్వాను, ఏడ్చాను, అక్కడున్న వాళ్ళంతా చూశారు.

చూశావా నా తెలివి! బీద పిల్లలకు పాలు పోసి, ఖాళీ డబ్బా కత్తిరించి, నా కాలును నేనే చంపుకున్నాను. ప్రతిసారీ సీటు కదిలితే ఇంకో ముక్క కూరి, బాపు పద్ధతి కదా అని మురిసిపోయాను. బాపు చుట్టూ తిప్పేవాడని నువ్వు రాస్తే తెలిసింది.

చిటికెన వేలికి ఇంకా తెలియడం లేదు. అది అట్లాగే ఉండిపోయినా ఉండిపోవచ్చునట. ఉండనీ. ఒక్క వేలు లెక్క కాదు.

ఈస్టరుకు రండి. రావద్దన్న నోటితోనే చెప్తున్నాను, తప్పకుండా రండి. రిబ్కమ్మను నన్ను తిట్టాల్సినంత తిట్టమను.

అక్క
ప్రేమమ్మ


బెల్లంపల్లి
30 మార్చి 1958

అక్కకు వందనాలు, వంద వందనాలు!

ఉత్తరం రిబ్కమ్మకు గట్టిగ చదివి ఇనిపిచ్చిన. పల్లేరుకాయ కాడికి వచ్చేసరికి అది "దేవా, నీకు స్తోత్రం" అని మార్తను ఎత్తి గుండ్రంగ తిప్పింది. మార్తకు కక్కొచ్చింది. పక్కింటోళ్ళు ఏమైందని వస్తె రిబ్కమ్మ వాకిట్ల నిలవడి "మా వదినె కాలుకు ముల్లు గుచ్చింది!" అని సంబురంగ చెప్తున్నది. వాళ్ళు దాని మొఖం, నా మొఖం చూసుకుంట పోయిండ్రు. ఈ వదినె మరదండ్ల సంగతి వాళ్ళకు ఇగ జన్మల సమజ్ గాదు.

సైకిల్ సంగతి చెప్త. పగిలిన గొట్టాన్ని నేను మా టబ్బులకు చేసినట్టు కరెంటు వెల్డింగు కొడదామని తయారైన. కైలాసం చెయ్యి వట్టి గుంజిండు. "గిది బొగ్గు మోసే టబ్బు కాదురా, సీమ గొట్టం. కాగితమంత పల్సగుంటది, కాలి బొక్కవడుతది. ఇటు తే" అని వాళ్ళింటికి తీసుకపోయిండు. లోపట గట్టి గొట్టం ముక్క ఒకటి దిగేసి, ఇత్తడి పొడి, వెలిగారం చల్లి, బొగ్గుల కొలిమిల ఎర్రగ కాలవెట్టిండు. ఇత్తడి కరిగి నీళ్ళ లెక్క పగులులకు పారింది. సల్లారినంక ఆకురాయితోని నేను రాకిన. యాడ అతికిందో ఇప్పుడు నీకు దొరకది. పెడల్ ఇరుసు డబ్బల కొత్త మరలు కోసినం. వెనక గాడికి రేకు కాదు, మంచి ఇనుప బిళ్ళ అతికిచ్చినం. సీటు కడ్డీ కొత్తది, మూతికి సరిగ్గ పడ్డది. ఒక్క ఎంటిక వట్టే సందు లేదు. సీటుకు మందపు తోలు కుట్టిచ్చిన.

ఇంక దాంట్ల నువ్వు రేకు ముక్క కూరినట్టు తెలిసిందనుకో, పాలపొడి డబ్బా మీది ఆవు మీద ఒట్టు, నీ కత్తెర గుంజుకుంట.

కుడి పెడల్‌కు కొత్త రబ్బరేసిన. ఎడమదానికి ఎయ్యలే. అది మంచిగనే ఉన్నది, ఇగ దాన్ని అరగదియ్యి. నేను వచ్చినప్పుడల్లా చూస్త.

నాకు ఎక్కువ సెలవు దొరకలే. ఆదివారం పొద్దున దిగి, గుడికి వోయి, సోమవారం బండికి నేను మల్ల వస్త. రిబ్కమ్మ, మార్త నీ దగ్గరనే కొన్ని దినాలుంటరు. సైకిల్ నా చేతులతోనే తెస్త, పార్సిల్ బాబును నమ్మ.

సమ్మయ్య

వదినెకు రిబ్కమ్మ చెప్పి రాపిచ్చింది: నేను తిట్టేది ఉన్నది, మర్సిపోలే. ముందుగాల నువ్వు పిల్లకు నీళ్ళు పొయ్యి, తరువాత తిడుత.


హుజూరాబాద్
9 ఏప్రిల్ 1958

తమ్ముడు సమ్మయ్యకు,

నువ్వు క్షేమంగా చేరి డ్యూటీలో పడి ఉంటావు. ఇక్కడి వాళ్ళం ముగ్గురమూ బాగున్నాం. సైకిల్‌తో నలుగురం.

నువ్వు పోయాక సాంబయ్య వచ్చి చక్రాలు ఎక్కించాడు. అతుకు కోసం గొట్టం మీద వేలు పెట్టి రాసి రాసి చూశాడు, దొరకలేదు. "కైలాసంకు నా దండం చెప్పమనుండ్రి" అన్నాడు. పల్లెలకు ఇప్పుడే పోవద్దని డాక్టరమ్మ మాట, అందుకని గుడి ఆవరణలోనే రెండు చుట్లు తిరిగాను. నిటారుగా కూర్చుంటే మొదట పడిపోతానేమో అనిపించింది. ఏడాదిగా ఒరిగి ఒరిగి అదే తిన్నగా అనుకున్నాను. ఎడమ కాలు పెడల్ మీద నిలిచింది. రెండు కాళ్ళతో తొక్కాను. పెద్ద మిస్సమ్మ వరండాలో నుంచి చూసి "సరే, వానలు మొదలైతే పల్లెలకు పోదువుగాని" అన్నది. దవాఖానాలో మందులిచ్చే కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చుకోమన్నాను.

ఈ పొద్దు రిబ్కమ్మ పెరట్లో పీట వేసింది. పిల్లకు నూనె రాసింది. మార్తకు ఆరు నెలలు నిండాయి, కాళ్ళ మీద నీళ్ళు పోసే వయసు దాటిపోతుందని దాని తొందర. నేను గోడకు ఆనుకుని కాళ్ళు చాపాను. రిబ్కమ్మ మార్తను నా కాళ్ళ మీద బోర్లా వేసింది. చేపపిల్లలా గిలగిల కొట్టుకుంటూ నా ఎడమ పిక్కను కాలితో తన్నింది. ఎంత గట్టిగా తన్నిందో చెప్పలేను, నీ కూతురే! ఇంకోసారి తన్నవే అని అడిగి తన్నించుకున్నాను. రిబ్కమ్మ చెంబు పట్టుకుని "గిప్పుడు జలుబు లేదు గదా వదినె?" అన్నది, కళ్ళు తుడుచుకుంటూ.

పిల్లను పక్కకు ఎత్తమని, మొదటి చెంబు నా కాళ్ళ మీద పోయించుకున్నాను. కుడి కాలు చెప్పకముందే ఎడమ కాలు చెప్పింది.

"రిబ్కా, నీళ్ళు వేడెక్కువైనయే! జర సన్నీళ్ళు తొలుపు" అన్నాను.

అక్క
ప్రేమమ్మ